డాబా మీది కూలర్, 42 అడుగుల డక్టు, ఐదుకు మూడున్నర మార్కులు

మా ఇంట్లో ఏసీ లేదు. కోస్తా నుంచి వచ్చిన చుట్టాలు ఈ మాట వినగానే మా వైపు జాలిగా చూస్తారు. మహారాష్ట్రలోని మా చంద్రపూర్ జిల్లా ఎండ 46, 47 డిగ్రీలు దాటుతుందన్నది నిజమే. కానీ అది పొడి ఎండ. గాలిలో తడి లేనిచోట కూలర్ పనిచేసినంత బాగా ఇంకేదీ పనిచేయదు. విజయవాడలో కూలర్ పెడితే ఉక్క పెరుగుతుంది, మా బల్లార్పూర్‌లో పెడితే మధ్యాహ్నం దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది. (రైల్వే స్టేషన్ పేరు బల్లార్షా, ఊరి పేరు బల్లార్పూర్. రెండూ ఒకటే, కంగారు పడకండి.)

మాది డక్ట్ కూలర్. అంటే కిటికీకి తగిలించే డబ్బా కాదు. డాబా మీద బీరువా అంత పెద్ద ఇనుప కూలర్ ఉంటుంది. మూడు వైపులా గడ్డి ప్యాడ్లు, లోపల బ్లోయరు. అక్కడినుంచి 18 అంగుళాల చదరపు జీఐ (జింకు పూత వేసిన ఇనుప) రేకు డక్టు, అంటే గాలి పోయే గొట్టం, మెట్ల గదిలోంచి కిందికి దిగి, నడవలో మూడుగా చీలి, హాలుకూ రెండు పడక గదులకూ పోతుంది. ఒక్కో గదిలో గోడ పైభాగాన ఒక జాలి. 2014లో పెట్టించాను. డక్టు మొత్తం పొడవు 42 అడుగులు. అడుగులు ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తున్నాయో కింద బిల్లు దగ్గర తెలుస్తుంది.

ఈ రివ్యూ ఆ డక్టును శుభ్రం చేయించిన సర్వీసు గురించి. పని ఫిబ్రవరిలో అయింది. వెంటనే రాయకుండా ఎండాకాలమంతా వాడి చూసి, మే చివర్లో రాస్తున్నాను. పని అయిన రోజు సాయంత్రమే నక్షత్రాలు ఇచ్చేవాళ్ళను నేను నమ్మను.

నా గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే ముసలాయన డక్టు చుట్టూ అగరుబత్తి పట్టుకుని ఎందుకు తిరిగాడో మీకు అర్థం కాదు. వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ అనే బొగ్గు కంపెనీలో 31 ఏళ్ళు పనిచేశాను, రిటైరయ్యేనాటికి ఓవర్‌మన్, అంటే బాయి లోపల పని చూసుకునే అధికారి. మా నాయన మంచిర్యాల దగ్గరి పల్లె నుంచి బొగ్గుబాయి పనికని ఇటు వచ్చాడు, మేం ఇక్కడివాళ్ళమే అయిపోయాం. బాయిలో గాలి అంటే ప్రాణం. ఏ దారిన లోపలికొస్తుంది, ఏ దారిన బయటికి పోతుంది, మధ్యలో ఎక్కడ కారిపోతుంది అన్న లెక్క రోజూ ఉంటుంది. తడి బల్బు ఉష్ణోగ్రత (థర్మామీటరు బల్బుకు తడి గుడ్డ చుట్టి చూసే లెక్క, వేడితో పాటు గాలిలో తడినీ చెబుతుంది) 30.5 డిగ్రీలు దాటినచోట గాలి వేగం సెకనుకు ఒక మీటరు కన్నా తగ్గకూడదని బాయి నిబంధన. 33.5 దాటకుండా చూడాలి. అలాంటి లెక్కల మధ్య బతికినవాణ్ణి, ఇంటికొచ్చాక నా సొంత డక్టు లోపల ఏముందో పదకొండేళ్ళు తొంగి చూడలేదు. ఇది సిగ్గుపడాల్సిన విషయమే.

చూడాల్సిన అవసరం పోయినేడు మార్చిలో వచ్చింది. హోలీ మర్నాడు ఏటా కూలర్ మొదలుపెడతాం. స్విచ్ వేయగానే పడక గది జాలిలోంచి నల్లటి పెచ్చులు మంచం మీద రాలాయి. తడిసిన గోనెసంచి మూలన పెట్టి మర్చిపోతే వచ్చే వాసన ఒకటి. మూడు రోజులకు వాసన తగ్గింది, మేమూ మర్చిపోయాం. వేసవి సెలవులకు మా బిడ్డ మంచిర్యాల నుంచి మనవణ్ణి తీసుకుని వచ్చింది. వాడికి ఆరేళ్ళు. రోజూ పొద్దున లేవగానే వరసగా పది పన్నెండు తుమ్ములు. "బాపూ, మా దగ్గర వీడు ఇన్ని తుమ్ములు తుమ్మడు" అంది. ఆమె మాట పట్టుకుని నిచ్చెన వేసి, జాలి స్క్రూలు విప్పి, సెల్ లైటు లోపలికి వేశాను. డక్టు అడుగున వేలి మందాన దుమ్ము. దానిలో గడ్డి పోచలు, తుప్పు పెచ్చులు, ఇంకా లోపల ఏదో ఈక. వానాకాలంలో కూలర్ ఆపినప్పుడు నోరు మూయకుండా వదిలేస్తే పావురాలు దిగుతాయని అప్పుడు తెలిసింది.

ఇక సర్వీసుల సంగతి. మొదట ఒకడు మోసపుచ్చాడు, ఆ తర్వాతే సరైనవాళ్ళు దొరికారు. ఇద్దరి పేర్లూ రాయను. మొదటివాడిది రాస్తే గొడవ, రెండోవాళ్ళది రాస్తే ప్రచారం అంటారు.

మొదటివాడు పాంప్లెట్ చూసి పిలిచినవాడు. "పూర్తి ఇంటి డక్టు 999 రూపాయలు". ఫోన్లో 'ముందు, తర్వాత' ఫోటోలు పంపాడు. రెండింటిలోనూ గుండ్రటి గొట్టం ఉంది. మాది చదరం అన్నాను. "సబ్ సేమ్ హై అంకుల్" (అన్నీ ఒకటే) అన్నాడు. ఆ మాట దగ్గరే ఆపాల్సింది. వచ్చినవాడి దగ్గర ఇంట్లో సోఫాలు ఊడ్చుకునే వాక్యూమ్ ఒకటి, ఆకులు ఊదే బ్లోయరు ఒకటి. జాలీలు తీసి సబ్బు నీళ్ళతో తోమాడు, అది బాగానే తోమాడు. తర్వాత డాబా ఎక్కి పైనుంచి బ్లోయరు పెట్టి కిందికి ఊదాడు. కింద గదుల్లో జాలీలకు కవర్లు లేవు, ఏమీ లేదు. డక్టులో పదకొండేళ్ళుగా పడుకున్నది పడక గదుల్లోకి, హాల్లోకి, దేవుడి అరలోకి వచ్చి వాలింది. మా ఇంటావిడ మూతికి కొంగు కట్టుకుని వచ్చి, "డక్టులో ఉన్నదంతా తెచ్చి నా దేవుళ్ళ మీద పోసినవ్" అంది. అన్నది వాడితో కాదు, నాతో.

గాలిని మురికి వైపు నుంచి మనుషుల వైపు తోలకూడదన్నది బాయిలో మొదటి వారం నేర్పే పాఠం. దుమ్ము లేచే పని చేస్తే మనిషి ఎప్పుడూ గాలి వచ్చే వైపు నిలబడాలి, దుమ్ము పోయే వైపు కాదు. వాడికి 500 ఇచ్చి పంపేశాను. ఇల్లు తుడవడానికి మాకు రెండు రోజులు పట్టింది.

రెండోవాళ్ళు నాగపూర్ నుంచి వచ్చారు. అక్కడ ఆసుపత్రులకు, హోటళ్ళకు ఏసీ డక్టులు శుభ్రం చేస్తారట. ఇంటి కూలర్ డక్టులు చేస్తారా అని అడిగితే ముందు నవ్వారు, తర్వాత చంద్రపూర్‌లో ఇంకో పని ఉన్న రోజున కలిపి వస్తామన్నారు. కబురు కోసం నాలుగు నెలలు ఆగాను. ఇద్దరు కుర్రాళ్ళు, ఒక సూపర్‌వైజర్. కుర్రాళ్ళలో ఒకడు సిరోంచ వాడు, తెలుగువాడు. "కాకా" అని పిలిచాడు. మరాఠీ కాకానో, మన తెలంగాణ కాకానో అడగలేదు. రెండు భాషల్లోనూ బాబాయే కదా.

వీళ్ళ పద్ధతి వేరు. ముందు డక్టు పొడవంతా తిరిగి టేపుతో కొలిచారు. తర్వాత డాబా మీద బ్లోయరుకూ డక్టుకూ మధ్య ఉండే కాన్వాసు విప్పి, ఆ నోటికి పీల్చే యంత్రం తగిలించారు. చక్రాల మీద నడిచే పెద్ద డబ్బా, లోపల ఫిల్టర్లు, మోటారు. కింద మూడు జాలీల దగ్గర ప్లాస్టిక్ షీటు టేపుతో అతికించారు. ఒక్కసారి ఒక్క జాలి మాత్రమే తెరిచి, అక్కడినుంచి తిరిగే బ్రష్షును లోపలికి దూర్చుతారు. బ్రష్షు గీకిన దుమ్మును పైన యంత్రం లాగేసుకుంటుంది. గాలి గదిలోంచి డక్టులోకి పోతుంది కానీ డక్టులోంచి గదిలోకి రాదు.

అలా జరుగుతోందా లేదా చూడటానికి మా దేవుడి అరలోంచి ఒక అగరుబత్తి వెలిగించి తెరిచిన జాలి ముందు పట్టుకున్నాను. పొగ నిటారుగా లోపలికి పోయింది. సూపర్‌వైజర్ నావైపు వింతగా చూశాడు. మీరు చేయించుకుంటే ఈ పని తప్పక చేయండి. పొగ లోపలికి పోతే పని సాగనివ్వండి, గదిలోకి వస్తే వెంటనే ఆపించండి. మీటర్లూ సర్టిఫికెట్లూ అక్కరలేదు.

మెట్ల గదిలో డక్టు మలుపు దగ్గర బ్రష్షు తిరగడం లేదు. అక్కడొకటి, నడవలో చీలే దగ్గరొకటి, రేకు కోసి రెండు చిన్న తలుపులు పెట్టారు, రబ్బరు అంచు, స్క్రూలతో. ఇవి పెట్టినందుకు అదనంగా తీసుకున్నారు కానీ నా లెక్కలో ఇదే వాళ్ళు చేసిన అసలు మేలు. ఇకనుంచి ఏటా నేనే తెరిచి చూసుకోవచ్చు. డక్టు పెట్టించేటప్పుడే ఇలాంటి తలుపులు అడగాలి. పెట్టినవాడు చెప్పడు, మనకు తోచదు.

లోపలినుంచి వచ్చింది సంచిలో పోసి వంటింటి తక్కెడ మీద పెట్టాను. (తర్వాత ఆ తక్కెడ పారేయాల్సి వచ్చింది, కారణం మీరు ఊహించగలరు.) మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. పావురం గూడు, రెట్టలు, బల్లి ఎముకలు, గడ్డి పోచలు, తుప్పు, మా పెద్దోడు చిన్నప్పుడు పోగొట్టుకున్నానని ఏడ్చిన ప్లాస్టిక్ విజిలు. మిగిలినదంతా బూడిద రంగు దుమ్ము. వేళ్ళ మధ్య రుద్ది చూశాను, అలవాటు. బొగ్గు పొడి అయితే మెరుస్తుంది, వేలికి నల్లగా అంటుకుంటుంది. ఇందులో మెరిసేది కొంత ఉంది. ఎక్కువ భాగం మాత్రం పౌడరులా జారే బూడిద. బొగ్గు గనులు, థర్మల్ విద్యుత్తు, సిమెంటు, ఇవన్నీ ఒకే జిల్లాలో ఉన్నచోట ఇంకేం దొరుకుతుంది? 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో అతి కలుషిత పారిశ్రామిక ప్రాంతాల లెక్క తీస్తే చంద్రపూర్‌కు వందకు 83.88 మార్కులు వచ్చాయి, దేశంలో నాలుగో స్థానం. మా చిన్నోడు స్కూల్లో ఎప్పుడూ తెచ్చుకోని ర్యాంకు.

పావురం రెట్టల విషయం తేలిగ్గా తీసుకోకండి. అవి ఎండి పొడి అయితే, ఆ పొడి ఏళ్ళ తరబడి పీల్చేవాళ్ళలో కొందరికి ఊపిరితిత్తులు వాచే జబ్బు వస్తుంది. పావురాలు పెంచేవాళ్ళలో ఇది పాత జబ్బే. కుర్రాళ్ళకు మామూలు బట్ట మాస్కులే ఉన్నాయి. నా దగ్గరున్న ఎన్95లు మూడు ఇచ్చాను. నాగపూర్ నుంచి ఇంత యంత్రం మోసుకొచ్చిన కంపెనీకి పిల్లలకు మాస్కులు ఇవ్వాలని తోచలేదు. నేను కోసిన మార్కుల్లో ఒక అర మార్కు దీనికే.

ఇంకో మార్కు పోయింది పడక గది దగ్గర. మా గదికి పోయే చీలికలో చివరి ఆరడుగుల లోపల గ్లాస్‌వూల్ (దూదిలా ఉండే గాజు పీచు) అతికించి ఉంది, పైన నల్ల గుడ్డ. 2014లో బ్లోయరు మోత తగ్గడానికని వేశారు. కూలర్ డక్టులో తడి గాలి పోతుంది. తడి గాలి పోయేచోట దూది లాంటిది పెడితే ఏమవుతుంది? గుడ్డ మీద నల్ల చుక్కలు, లోపలంతా బూజు. ఆ గోనెసంచి వాసన ఇక్కడిదే. కుర్రాడు దాని మీద కూడా బ్రష్షు పెట్టేశాడు. గుడ్డ చిరిగి, గాజు పీచు చెదిరింది. నేను అరిచాను, యంత్రం ఆపించాను. రేకు మీది బూజును తుడవవచ్చు, తడిసి బూజు పట్టిన గ్లాస్‌వూల్‌ను శుభ్రం చేయలేం, తీసి పారేయాల్సిందే. ఇది నా సొంత సిద్ధాంతం కాదు, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్ళు ఇంటి డక్టుల గురించి చెప్పిన సలహాలోనూ ఇదే ఉంది. సూపర్‌వైజర్‌కు ఈ సంగతి తెలుసు, అడిగితే ఒప్పుకున్నాడు. మరి ముందు జాలిలోంచి చూసి ఎందుకు చెప్పలేదు? "టైం కమ్ థా కాకా" (టైం తక్కువుంది). వాళ్ళ నిజాయితీకి కూడా ఒక ముక్క చెప్పాలి, తప్పు తెలిశాక గంటసేపు కూర్చుని ఆరడుగుల గ్లాస్‌వూల్ గీకి తీసి, రేకు తుడిచి ఇచ్చారు, దానికి డబ్బు అడగలేదు. ఇప్పుడు ఆ గదిలో వాసన లేదు, మోత ఉంది. బ్లోయరు మూడో స్పీడులో పెడితే పక్కన రైలు పోతున్నట్టుంటుంది. మా ఇంటావిడ హాల్లో పడుకుంటోంది.

చివర్లో రసాయనం అమ్మాలని చూశారు. డక్టంతా క్రిమిసంహారకం స్ప్రే చేస్తాం, ఏడాది గ్యారంటీ, 1,500 అన్నారు. వద్దన్నాను. మేం పీల్చే గాలి వచ్చే దారిలో ఏం చల్లుతున్నారో డబ్బా మీద పేరు కూడా సరిగ్గా లేదు. దుమ్ము తీశాక, తడి ఆరాక, బూజుకు తిండి ఉండదు. ఆరకపోతే ఏ స్ప్రే కూడా నిలవదు.

బిల్లు ఇలా అయింది: డక్టు అడుగుకు 90 చొప్పున 42 అడుగులకు 3,780. జాలీలు మూడింటికి 600. రెండు తలుపులకు 700. మొత్తం 5,080. బిల్లు లేకుండా అంతే, బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ. నేను బిల్లు తీసుకున్నాను, 5,994 అయింది. సూపర్‌వైజర్ అడుగులు 46 అని మొదలుపెట్టాడు. నా టేపుతో ఇద్దరం కలిసి మళ్ళీ కొలిచాం. అందుకే 42 గుర్తుంది.

ఇప్పుడు మీరు అసలు అడగాలనుకున్నది. గాలి బాగుపడిందా?

నాగపూర్‌వాళ్ళ పాంప్లెట్‌లో "ఇంటి గాలి శుద్ధి, ఆస్తమా అలర్జీలకు చెక్" అని ఉంది. ఈ మాట మీద నాకు మొదటినుంచీ అనుమానమే. ఈపీఏ వాళ్ళు సూటిగానే చెప్పారు: డక్టులు శుభ్రం చేయిస్తే జబ్బులు రాకుండా ఆగుతాయని ఇంతవరకు రుజువు కాలేదు, డక్టులో మురికి ఉన్నంత మాత్రాన ఇంటి గాలిలో దుమ్ము పెరుగుతుందనీ తేలలేదు. కళ్ళకు బూజు కనిపిస్తే, పురుగులో ఎలుకలో చేరితే, దుమ్ము గడ్డకట్టి దారి మూసుకుపోతే అప్పుడు చేయించమన్నారు. మా డక్టులో బూజూ ఉంది, గూడూ ఉంది, కాబట్టి చేయించాను. పాంప్లెట్ మాట నమ్మి కాదు.

మా అల్లుడు ఒక చిన్న మీటరు కొనిచ్చాడు, పీఎం 2.5 చూపించేది. మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు, అంతకన్నా సన్నగా ఉండే దుమ్ము రేణువుల లెక్క అది, ఘనపు మీటరు గాలికి ఇన్ని మైక్రోగ్రాములు అని చూపిస్తుంది. ఈ మీటర్లు లేజరు కాంతితో రేణువులను లెక్కపెడతాయి. కూలర్ గాలిలోని నీటి తుంపరను కూడా దుమ్మని లెక్కేస్తాయి. ఇది తెలియక మొదటి రోజు 190 చూసి గుండె ఆగినంత పనైంది. తర్వాత పంపు ఆపి, ఉత్త బ్లోయరు నడిపి, రోజూ పొద్దున ఆరింటికే కొలిచాను. శుభ్రం చేయించక ముందు మూడు రోజులు: 64, 71, 68. చేయించాక మూడు రోజులు: 66, 59, 70. డాబా మీద, బయట: 65 నుంచి 72. మన దేశంలో 24 గంటల సగటుకు పెట్టిన పరిమితి 60, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15.

అంటే మీటరు ప్రకారం ఏమీ మారలేదు. మారదు కూడా. ఏసీ డక్టు ఇంట్లో గాలినే తిప్పి తిప్పి పంపుతుంది. కూలర్ డక్టు అలా కాదు, బయటి గాలిని లాగి లోపలికి తోస్తుంది. లోపలి గాలి కిటికీలోంచి బయటికి పోవాలి, కిటికీ మూస్తే ఉక్క. బాయి భాషలో చెప్పాలంటే మా ఇల్లంతా ఒక ఇన్‌టేక్ (గాలి లోపలికొచ్చే దారి), ఒక రిటర్న్ (బయటికి పోయే దారి). ఇన్‌టేక్‌లో ఏముంటే గదిలో అదే ఉంటుంది. డక్టు అద్దంలా మెరిసినా బయట 70 ఉంటే లోపల 70. తడి గడ్డి పెద్ద దుమ్మును పట్టుకుంటుంది, పీఎం 2.5 లాంటి సన్నదాన్ని చాలావరకు వదిలేస్తుంది.

మరి డబ్బు వృథానా? కాదు. నల్ల పెచ్చులు రాలడం ఆగిపోయింది. ఈసారి హోలీ మర్నాడు స్విచ్ వేస్తే వాసన రాలేదు. జాలి కింద గోడ మీద ఏటా పడే నల్ల చార ఈ మే నెలాఖరుకు కూడా పడలేదు. గాలి ఒరవడి పెరిగింది, హాలు జాలి దగ్గర కాగితం పెడితే ఇదివరకు ఊగేది, ఇప్పుడు ఎగిరిపోతోంది. మనవడి తుమ్ములు బాగా తగ్గాయి, పొద్దున రెండో మూడో. కానీ ఈ ఘనత డక్టుకు ఇవ్వలేను. జనవరిలో వాడికి మంచిర్యాలలో డాక్టరు ఇన్‌హేలర్ మొదలుపెట్టాడు. ఏది ఎంత పనిచేసిందో చెప్పడానికి నేను డాక్టర్ని కాను.

ఆ మీటరు వల్ల ఇంకోటి బయటపడింది. కూలర్‌కు మూడు వైపులా గడ్డి ఉందన్నాను కదా. అందులో ఒక వైపు సరిగ్గా రోడ్డు వైపు. తెల్లవారుజామున ఆ రోడ్డున టార్పాలిన్ సరిగ్గా కట్టని బొగ్గు లారీలు వరసగా పోతాయి. ముప్పయ్యొక్కేళ్ళు ఇన్‌టేక్ ఎక్కడ పెట్టాలో నేర్చుకున్నవాణ్ణి, నా ఇంటి ఇన్‌టేక్‌ను లారీల పొగకు ఎదురుగా పెట్టుకున్నాను. ఏప్రిల్‌లో ఆ వైపు రేకు బిగించి మూసేశాను. మిగిలిన రెండు వైపుల గాలి చాలదని మా ఇంటావిడ వాదన, మధ్యాహ్నం చల్లదనం కొంచెం తగ్గిన మాటా నిజమే. కానీ పొద్దున ఆరింటి లెక్క 55, 58, 57కి దిగింది. జాలి మీద తెల్ల గుడ్డతో తుడిస్తే ఇదివరకు నల్లగా వచ్చేది, ఇప్పుడు మట్టి రంగులో వస్తోంది. ఆరు వేలు పెట్టిన పని మీటరును కదిలించలేదు, 400 రూపాయల రేకు కదిలించింది. దీనికి సర్వీసువాళ్ళను తప్పు పట్టలేను, వాళ్ళను పిలిచింది డక్టుకు. కానీ ఇంటి గాలి శుద్ధి అని పాంప్లెట్‌లో రాసుకునేవాళ్ళు డాబా ఎక్కినప్పుడు ఒక్కసారి నాలుగు వైపులా చూసి, "కాకా, మీ గాలి ఎక్కడినుంచి వస్తోందో చూశారా" అని అడిగి ఉండాల్సింది. మార్కుల్లో ఇదీ లెక్కలోకి రావాలి కానీ, నేనే చూడలేదు కాబట్టి వదిలేశాను.

ఎవరికి చేయించుకోమంటాను? డక్ట్ కూలర్ పెట్టి ఐదారేళ్ళు దాటినవాళ్ళు ముందు ఒక జాలి విప్పి సెల్ లైటు వేసి చూడండి. ఉత్త పల్చటి దుమ్ము ఉంటే మీ వాక్యూమ్ చాలు, జాలీలు కడిగి గడ్డి మార్చండి. గూడో బూజో కనిపిస్తే పీల్చే యంత్రం ఉన్నవాళ్ళనే పిలవండి, ఊదే యంత్రంతో వచ్చేవాణ్ణి గేటు దగ్గరే ఆపండి. లోపల గ్లాస్‌వూల్ ఉందా అని ముందే అడిగి, ఉంటే తీసేయడానికి ఎంత అవుతుందో కాగితం మీద రాయించుకోండి. నాగపూర్‌వాళ్ళు ఒక్క ఇంటి కోసం రారు, పక్కింటివాళ్ళతో కలిపి పిలిస్తే అడుగు ధర 75కు దిగుతుందని సిరోంచ కుర్రాడు వెళ్ళేటప్పుడు చెవిలో చెప్పాడు. ముందే చెప్పి ఉంటే మా వీధిలో ముగ్గురం ఉండేవాళ్ళం.

ఏసీ డక్టు ఉన్నవాళ్ళ సంగతి నాకు తెలియదు, అది వేరే లెక్క.

మృగశిర కార్తె దగ్గర పడింది. అది రాగానే కూలర్ నీళ్ళు దించి, ట్యాంకు ఆరబెట్టి (తడి వదిలితే దోమలకు పండగ), రెండు తలుపులు తెరిచి డక్టు ఒక రోజంతా ఉత్త గాలితో ఆరనిచ్చి, బ్లోయరు నోటికి ఈసారి సన్న ఇనుప వల బిగించాలి. నడవలో తలుపుకు నాలుగు స్క్రూలు ఉండాలి, మూడే పెట్టి వెళ్ళారు. ఆ మూల నుంచి సన్నగా ఈల వేస్తుంది. మార్చి నుంచి ఫోన్ చేస్తున్నాను. "కల్ ఆతా హూ కాకా" (రేపొస్తా) అంటున్నాడు సూపర్‌వైజర్. ప్రస్తుతానికి అక్కడ మా మనవడి స్టిక్కర్ ఒకటి అతికించి ఉంది.